చొక్కా గుండీల నుంచి కత్తిపీట దాకా

మా మేనత్త పోయిందన్న కబురు కళాశాల చర్చాపోటీ జరుగుతున్న హాలు బయట నాకు ఫోనులో అందింది. నిద్రలోనే గుండె ఆగిపోయిందని నాన్న చెప్పాడు. నేను లోపలికి వెళ్ళి నా వంతు మాట్లాడాను. ఏం వాదించానో గుర్తు లేదు. గెలిచానన్నారు. కోవూరులోని అత్త ఇంటికి బస్సెక్కాక కూడా ఏడుపు రాలేదు; ఇది రాస్తున్న ఇప్పటికీ రాలేదు.

ఆమె ఆక్యుపేషనల్ థెరపిస్టు. చేతులూ కాళ్ళూ స్వాధీనం తప్పినవారికి తినడం, బట్టలు కట్టుకోవడం, తమ పని తాము చేసుకోవడం మళ్ళీ అలవాటు చేయించే వృత్తి అది. నెల్లూరులోని ఒక పెద్ద ఆసుపత్రిని వదిలి, ఇందుకూరుపేట మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తానే కోరి మారింది. బంధువులు దాన్ని పతనమన్నారు.

కారణం ఒక జాలరి. పక్షవాతం వచ్చిన అతనికి ఆసుపత్రిలో చొక్కా గుండీలు పెట్టుకోవడం ఎంతో ఓపికగా నేర్పించి పంపింది. తర్వాత ఒకసారి అతని ఊరు వెళ్తే, ఒంటిమీద చొక్కా లేకుండా అరుగు మీద కూర్చుని కనిపించాడు.

"గుండీలు పెట్టుకుంటాండావా అన్నా?"

"చొక్కా నేనెప్పుడు తొడిగినాను మేడమ్మా? పెండ్లిండ్లకి తప్ప! వల అల్లేది నేర్పించుంటే బాగుండు గదా."

అతను నవ్వాడట. ఆమెకు నవ్వు రాలేదు. ఆ తర్వాత రోగులను వాళ్ళ ఇళ్ళలోనే చూడాలనుకుంది.

ఏ ఇంటికి వెళ్ళినా ముందు బిందె ఎక్కడుందో, అన్నం ఎక్కడ కూర్చుని తింటారో చూసేది. "చెయ్యెత్తు" అనేది కాదు, "ఆ చెంబు ఇటియ్యి" అనేది. "చేతిని అడిగితే రాదు, పనిని అడిగితే వస్తాది" అన్నది ఆమె నమ్మకం. పెద్దాసుపత్రిలో ఉంటే ఇంకెందరికో ఉపయోగపడేదానివని నేను తర్కానికి తర్కం పేర్చి వాదిస్తే, చివరిదాకా విని, "గెలిచినావులే అమ్మాయ్, ఆ చింతపండు గిన్నె ఇటందుకో" అనేది.

మైపాడు దగ్గర చేపలమ్మే ఒక పెద్దావిడ ఆమె చివరి రోగి. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మళ్ళీ కత్తిపీట ముందు కూర్చోవాలన్నది ఆవిడ పట్టుదల. సెలవుల్లో అత్తతో నేనూ వెళ్ళాను.

"రాణి మాదిరి కూర్చోబెట్టి చూసుకుంటాండాం మేడమ్మా," అంది కోడలు.

"రాణి కాదే, మూట మాదిరి," అంది పెద్దావిడ.

"కత్తి చేతికిస్తే ఊరు నా మొహాన ఉమ్మదా?" అంది కోడలు.

"ముందు చేపలు కోయనీ. ఉమ్మేది తర్వాత చూద్దాం," అంది అత్త.

కాలితో గట్టిగా తొక్కిపట్టకపోయినా కదలకుండా, కత్తిపీటను వెడల్పాటి పలకకు బిగించమని వడ్రంగికి పురమాయించింది. అత్త పెద్దకర్మ మర్నాడు ఆ వడ్రంగి ఫోన్ చేశాడు, పని అయిందని. తీసుకుని నేనే వెళ్ళాను.

కోడలు దాన్ని గడప దాటనివ్వలేదు. "మేడమ్మే లేదు. తెగితే ఎవురిది పూచీ?"

నా దగ్గర సమాధానం ఉంది. వాదించకుండా పలకను పట్టుకుని ఎండలోనే నిలబడ్డాను.

"తెగితే నా ఏలు గదా, నీదా?" అంది లోపలి నుంచి పెద్దావిడ. "ఆ పిల్ల ఎండలో నిలబడుండాది. లోపలికి తీసుకురా."

కోడలు తనే పలకను అందుకుని అత్తగారి ముందు పెట్టి, బుట్టలోంచి ఒక మాగ చేపను తీసి పక్కనుంచింది.

పెద్దావిడ ఎడమచేత్తో చేపను పట్టుకుని, వణుకుతున్న కుడిచేతిని దానిమీద ఆనించి కత్తికేసి నెట్టింది. చేప జారింది. మళ్ళీ నెట్టింది. కోడలి చేతులు గబుక్కున ముందుకొచ్చి, మధ్యలోనే ఆగాయి. వాటిని వెనక్కి తీసుకుని, వీపు వెనక ఒకదానితో ఒకటి గట్టిగా పట్టుకుని, ఆమె అలాగే నిలబడింది.