గ్రీజు తుడవని మనిషి

జగ్గయ్య చేతులు కడుక్కుని వచ్చి విస్తరి ముందు కూర్చున్నా, వడ్డించేవాళ్లు "చేతులు కడుక్కోలేదా?" అని అడిగేవారు. గోళ్ల కింద నలుపు ఏ సబ్బుకీ పోయేది కాదు. విశాఖ రేవులో ఇనుప ఖనిజాన్ని ఓడల్లోకి చేరవేసే పొడవాటి బెల్టు ఒకటి ఓ కంట్రాక్టరు కింద నడిచేది. ఆ బెల్టు కింద దొర్లే రోలర్లకు గ్రీజు పెట్టడం అతని ఉద్యోగం.

సముద్రం పక్క ఊళ్లో ఇనుము ఎక్కువకాలం బతకదు. కిటికీ ఊచలు, సైకిలు చైను, ఇంటి తాళం, అన్నిటినీ ఉప్పుగాలి కొరుక్కు తినేస్తుంది. దానికి జగ్గయ్యకు తెలిసిన మందు ఒకటే: గ్రీజు. పాతదాని మీద కొత్తది, దాని మీద ఇంకాస్త. ఉన్నదాన్ని తుడిచేయడం అతని లెక్కలో పాపం. కంట్రాక్టరు కూడా షెడ్డు గోడ మీద శ్రమ గొప్పతనాన్ని ఎర్రరంగులో రాయించాడు. దసరాకు యంత్రాలకు పసుపు పూయించేవాడు. భక్తికి లోటులేదు. రోలరు ఎందుకు ఆగిపోతుందో విప్పి చూసే తీరిక మాత్రం ఎవరికీ లేదు.

ఎనభై ఆరు వేసవిలో ఒక రోలరు బిగుసుకుపోయి బెల్టు చిరిగింది. అప్పుడు షిఫ్టులో ఉన్నది గవర్రాజు. జగ్గయ్య పనే రెండో షిఫ్టులో చేసే మనిషి, ఉండేది కూడా జగ్గయ్య వీధిలోనే. వారం సెలవు తర్వాత ఆ రోజే పనిలోకి వచ్చాడు. గవర్రాజుకు ఒక అలవాటుంది. గోనెపీలికతో పాత గ్రీజంతా తుడిచి, వేలి కొసంత కొత్తది పెట్టేవాడు. సూపర్‌వైజరు శ్రీరామ్మూర్తి జగ్గయ్యను పిలిచి, గవర్రాజు పని ఎలాంటిదని అడిగాడు.

"ఆడు గ్రీజెట్టడు బాబూ, బొట్టెడతాడు," అన్నాడు జగ్గయ్య.

అబద్ధం చెప్పానని అతను అనుకోలేదు. ఆ మాట పట్టుకుని గవర్రాజును ఇంట్లో కూర్చోబెట్టారు. సోమవారం తేలుస్తామన్నారు. తేల్చడమంటే తీసెయ్యడమేనని వీధిలో అందరికీ తెలుసు.

ఆ ఆదివారమే జగ్గయ్య, అతని స్నేహితుడు నిసార్ యారాడ సముద్రతీరానికి బయల్దేరారు. నిసార్‌కు పాతూళ్లో రేడియో రిపేరు కొట్టుంది. ఒక ఓడ ఇంజనీరు తన టేప్‌రికార్డరు బాగుచేసినందుకు అతనికి పాడైపోయిన బొమ్మకారు ఇచ్చి వెళ్లాడు. చేతిలో పెట్టె పట్టుకుని దూరం నుంచే నడిపే కారు, ఇసకలోనూ గుంటల్లోనూ పరిగెత్తే రకం. నిసార్ దాని రేడియో బతికించాడు. ఓడ తుక్కులో దొరికిన వాకీటాకీ నుంచి బ్యాటరీలు తీసి వేశాడు. వెనక చక్రాలు ఇసకలో కూరుకుపోకుండా జగ్గయ్య బెల్టు రబ్బరు ముక్కలు కోసి తెడ్లలా అంటించాడు. సైకిలు పుల్ల వంచి ముందు బంపరు కట్టాడు. గేర్ల మీది మూత మాత్రం ఓడలోనే పగిలిపోయింది.

"పళ్లు బయటికే ఉన్నాయి భాయ్, పొడిగా ఉండనీ," అన్నాడు నిసార్.

"ఉప్పుగాలిలో పొడిగానా? నువ్వు రేడియోలు సూసుకో. పళ్ల సంగతి నాకొగ్గీ," అని జగ్గయ్య గేర్లు కనపడకుండా గ్రీజు కూరాడు.

యారాడ ఇసకలో కారు నిజంగానే దూకింది. తెడ్ల చక్రాలు ఇసకను తోకలా ఎగజిమ్మాయి. చేపల గంపతో పోతున్న చిలకమ్మ ఆగిపోయింది.

"ఓలమ్మా, ఏటిది? పీతకి సక్రాలెట్టినారేటి?"

"పీతైతే అడ్డంగా ఎల్తాది. ఇది తిన్నగా ఎల్తాది, సూడు," అన్నాడు జగ్గయ్య, పెట్టె పట్టుకుని గర్వంగా.

అంతలో కారు కరకరమంది. మూలిగింది. ఆగిపోయింది.

"ఎల్లిందిలే తిన్నగా," అని చిలకమ్మ గంప సర్దుకుని నడిచింది.

నిసార్ కారును తిరగేశాడు. గేర్ల చుట్టూ గ్రీజు, ఇసక కలిసి నల్లటి ముద్ద కట్టాయి. దాని కింద పళ్లు అరిగి నున్నగా అయిపోయాయి. "ఇది గ్రీజు కాదు భాయ్. ఉప్పుకాగితంతో రుద్దినట్టు రుద్దేసింది."

జగ్గయ్య ఆ ముద్దను రెండు వేళ్ల మధ్య నలిపాడు. ఆ గరుకు అతని వేళ్లకు కొత్త కాదు. బెల్టు కింద అది ఎర్రగా ఉండేది, ఖనిజం ధూళితో. రోజూ దాన్ని ముట్టుకుంటూ, దాని మీదే కొత్త గ్రీజు మెత్తుతూ వచ్చాడు. గవర్రాజు సెలవులో ఉన్న వారమంతా రెండు షిఫ్టుల్లోనూ మెత్తింది తనే.

"పోనీ భాయ్, పళ్లు మళ్లీ చేయిద్దాం," అన్నాడు నిసార్.

"పళ్లు కాదు నిసారూ. గవర్రాజు."

సాయంత్రం జగ్గయ్య అరిగిన గేరు జేబులో వేసుకుని గవర్రాజు ఇంటి గుమ్మం ముందు నిలబడ్డాడు.

"ఏటి బావా, తీసేసినారని సెప్పడానికి నిన్నంపినారా?"

జగ్గయ్య గేరు అతని చేతిలో పెట్టాడు. గవర్రాజు దాన్ని దీపం దగ్గర తిప్పి చూశాడు.

"గ్రీజెక్కువైపోనాది."

"ఎంతెక్కువ?"

"నువ్వెట్టినంత." గవర్రాజు నవ్వలేదు. "తుడవమని నాను సెప్తే ఇన్నావేటి? పిసినారోడన్నావు."

బిగుసుకుపోయాక తుక్కులో పడేసిన ఆ రోలరును సోమవారం జగ్గయ్య భుజాన మోసుకొచ్చి శ్రీరామ్మూర్తి ఎదుటే విప్పాడు. లోపల ఎర్రముద్ద ఇటుకలా గట్టిపడి ఉంది.

"ఇది నాదే బాబూ. ఆడు సెలవులో ఉన్నప్పుడు నానెట్టింది."

శ్రీరామ్మూర్తికి విసుగొచ్చింది. అన్నీ తేలిపోయాయనుకున్న పొద్దున ఇదొకటి. "ఎవరో ఒకడి పేరు పైకి పంపాలి కదయ్యా!"

"నాదంపండి."

నిజం చెప్పినందుకు అతన్ని ఎవరూ మెచ్చుకోలేదు. గవర్రాజును పనిలోకి తీసుకున్నారు. జగ్గయ్య చేతిలోంచి గ్రీజు డబ్బా లాక్కుని, బెల్టు కింద రాలిన ఖనిజం ఊడ్చే పనిలో వేశారు. షెడ్డు గోడ మీది ఎర్ర అక్షరాలు అలాగే ఉన్నాయి.

వానలు తగ్గాక నిసార్‌తో కలిసి ముగ్గురూ యారాడ వెళ్లారు. లేతుపని మనిషి ఇత్తడిలో కొత్త గేరు తీసిచ్చాడు. పాలపొడి డబ్బా రేకు కత్తిరించి జగ్గయ్య మూత చేశాడు. గవర్రాజు కిరసనాయిలులో ముంచిన పీలికతో ఒక్కో పన్నూ తుడిచి, వేలి కొసంత గ్రీజు పెట్టి, మూత బిగించాడు. అలవాటు కొద్దీ జగ్గయ్య చెయ్యి డబ్బా వైపు సాగింది.

గవర్రాజు డబ్బాను లుంగీ చాటుకు లాక్కున్నాడు. "నువ్వు బండి నడుపుకో బావా. బొట్టు నానెడతాను."