‘నువ్వు’ అని పిలిచిన ఇల్లు

మొన్న మా మనవరాలు ఫోను నా ముందు పెట్టి, కాలేజీలో ఏదో పని ఇచ్చారట, మీ ఊరి యాసలో నాలుగు మాటలు చెప్పమ్మమ్మా అని కూర్చుంది. నేను పుట్టింది తెనాలి పక్క పల్లెలో. తీరా నోరు తెరిస్తే, “జర ఆగు బిడ్డా” అని వచ్చింది. అది మా ఊరి మాట కాదు, తార్నాకలో మా ఇంటావిడ మాట.

అరవైల చివర్లో నేను యూనివర్సిటీలో ఎమ్మేకి చేరినప్పుడు హాస్టల్లో చోటు దొరక్క, తార్నాకలో ఒక రైల్వే ఉద్యోగి ఇంట్లో గది తీసుకున్నాను. వాళ్లది భువనగిరి వైపు వ్యవసాయ కుటుంబం. భార్యాభర్తలు, ఇంటావిడ ముసలి తండ్రి, అంతే. మొదటిరోజు ఆవిడ అన్నం పెట్టి తొక్కు వేసుకోమంటే, పండు తొక్క అన్నంలోకి ఏమిటా అని బిత్తరపోయి, తీరా అది ఎర్రటి మామిడికాయ పచ్చడని తెలిశాక గిన్నె సగం ఖాళీ చేశాను. ఆవిడ నన్నే కాదు, అందరినీ నువ్వు అనే పిలిచేది. మొదట్లో చివుక్కుమన్నా, కాలేజీ నుంచి ఎండలో నడిచొచ్చేసరికి మజ్జిగ చేతికిచ్చే మనిషి ఏమని పిలిస్తే ఏమిటనిపించి అలవాటుపడిపోయాను.

చిక్కంతా మా నాన్నగారు వచ్చిననాడు వచ్చింది. ఆయన బడిపంతులు. నాలుగో తరగతి పిల్లల్ని కూడా మీరు అనే మనిషి. గడపలో అడుగు పెట్టగానే ఇంటావిడ చెంబుతో నీళ్లిచ్చి, “మంచిగున్నవా అన్నా? కాళ్లు కడుక్కో, ఛాయ్ తాగుదువు” అంది. నాన్నగారు ముఖం ముడుచుకుని, “మీకెందుకండీ శ్రమ, మీరు కూర్చోండి” అన్నారు. ఛాయ్ ముట్టకుండానే నన్ను గదిలోకి పిలిచి, పెద్దంతరం చిన్నంతరం లేని ఇంట్లో ఆడపిల్లని ఉంచలేననీ, వేరే చోటు దొరికితే సరేసరి, లేకపోతే చదువు చాలించి సాయంత్రం బండికి తనతో వచ్చేయమనీ చెప్పారు. ఆయన మాటకి ఎదురు చెప్పడం మా ఇంట్లో ఎరగం. కళ్లు తుడుచుకుంటూ ఈ సంగతి చెబుదామని వంటింట్లోకి వెళ్లాను.

నేను నోరు విప్పకముందే ఆవిడే దిగులుగా అడిగింది. “మీ నాయినకు నా మీద కోపమొచ్చిందా ఏంది బిడ్డా? అన్నా అని నేను పిలుస్తుంటే, పరాయోళ్లను అన్నట్టు మీరు, మీరు అంటుండు. నేనేం తప్పు చేసిన?”

ఏడవాలో నవ్వాలో తెలియలేదు. పరుగున వెళ్లి నాన్నగారికి ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పాను. అంతలో వసారాలోంచి ఆవిడ గొంతు వినబడింది. అన్నం వద్దని మారాం చేస్తున్న తండ్రికి ముద్దలు కలిపి పెడుతూ, “బాపూ, నువ్వు తినకపోతే నేను సుత తిన” అంటోంది. నాన్నగారు గుమ్మం దాకా వెళ్లి, ఆ తండ్రీకూతుళ్లను చూస్తూ నిలబడిపోయారు.

సాయంత్రం ఆయన ఒక్కరే బయల్దేరారు. వీధిలోకి దిగి మళ్లీ వెనక్కి తిరిగి, కొత్త మాట నేర్చుకునే పిల్లాడిలా తడబడుతూ, “వస్తానమ్మా. పిల్లను నీకప్పగించి వెళ్తున్నాను. నువ్వూ వేళకి తింటూ ఉండు” అన్నారు. మా నాన్నగారి నోట పరాయి ఆడమనిషిని నువ్వు అనగా నేను వినడం అదే మొదలు. ఆవిడ కొంగుతో కళ్లొత్తుకుని, “పైలంగ పో అన్నా” అంది. నా ఎమ్మే పూర్తయ్యేదాకా నేనా ఇల్లు వదల్లేదు.

ఆ తర్వాత ఉద్యోగమూ, కాపురమూ అన్నీ ఈ ఊళ్లోనే కుదిరాయి, ఏ లోటూ లేదు. ఇప్పుడు తార్నాకలో ఏ దుకాణానికి వెళ్లినా మేడమ్ అంటారు, మీరు అంటారు, కుర్చీ వేస్తారు. మర్యాదలన్నీ బాగానే జరుగుతున్నాయి. కానీ మొదటిసారి చూసిన మనిషిని నువ్వు అని లోపలికి పిలిచే గొంతు విని ఎన్నాళ్లయిందో.