నాగవేణి నొక్కని బటను

చిత్తూరు దగ్గర రాయిని పిండిచేసే మిల్లులో నాగవేణి పదకొండేళ్లు మీటర్ల రీడింగులు రాసింది. ఆమె కుర్చీకి ఎదురుగానే మిల్లును తిప్పే పెద్ద సింక్రనస్ మోటారు. దాన్ని నడిపేది మునిరామయ్య. చేరిన కొత్తలో అది ఎట్లా తిరుగుతుందని ఆమె అడిగితే ఆయనే చెప్పాడు.

"సుట్టూ ఉండే తీగల్లోకి మూడు ఫేజులూ ఒకదాని ఎనక ఒకటి వస్తా అయస్కాంత బలాన్ని గిర్రున తిప్పతాయమ్మా. కంటికి కనపడదు. నడిమధ్య ఉండే రోటరు నిలబడిన చోటి నుంచి దాన్ని అందుకోలేదు. అందుకే ముందు మామూలు మోటారు మాదిరి పరిగెత్తిస్తాం. ఆ బలం వేగానికి దగ్గర పడినాక ఈ బటను నొక్కి రోటరుకు డీసీ కరెంటు ఇస్తే, అదీ అయస్కాంతమై ఆ తిరిగే బలాన్ని పట్టుకుంటాది. ఇంక లోడు పెరిగినా వేగం తగ్గదు. మోయలేనంత వేస్తే మాత్రం పట్టు తప్పతాది."

ఆ పట్టుకునే క్షణమంటే నాగవేణికి పిచ్చి ఇష్టం. అంతదాకా మూలుగుతున్న మోటారు ఒక్క కుదుపుతో సర్దుకొని ఒకే శ్రుతిలో మోగేది. ఆ బటను ఒక్కసారి తను నొక్కాలని మనసు కొట్టుకునేది.

"అన్నా, ఈ రోజు డీసీ నేను ఇయ్యనా?"

"సూద్దాంలేమ్మా. తొందరపడి ఇస్తే పట్టుకోదు, అదిరిపోతాది."

ఆ 'సూద్దాం' అట్లాగే ఉండగా మిల్లు మూతపడింది. మోటారును ఎవరో కొనుక్కుపోయారు. నాగవేణి కాణిపాకంలో పూల అంగడిలో చేరింది. దండ కడుతుండగా వీధిలో ఏ మోటారు మొదలైనా ఆమె చెయ్యి ఆగిపోయేది.

మూడేళ్లకు మునిరామయ్య ఫోను చేశాడు. "మన మోటారును నాయుడుపేట కాడ ఒక మిల్లులో బిగించినారంట. మొదటి స్టార్టింగుకు నన్ను రమ్మన్నారు. నువ్వూ రా. ఈసారి నువ్వే నొక్కుదువు."

ఆమె దాచుకున్న చీర కట్టుకొని, తిరుపతిలో బస్సు మారి వెళ్లింది. అక్కడ మోటారు పాతదే కానీ ప్యానెల్ కొత్తది. ఇంజనీరు ధరణి చూపించింది. "చేత్తో డీసీ ఇచ్చే పనే లేదక్కా. వేగం సూసుకొని ఇదే ఇస్తాది."

మునిరామయ్య తల దించుకున్నాడు.

మోటారు మొదలైంది. నాగవేణి కళ్లు మూసుకుంది. మూలుగు సన్నబడుతూ వచ్చింది. "ఇప్పుడు!" అంది. ఆ మాటతోపాటే మోటారు పట్టుకుంది.

ధరణి మీటరు వదిలి ఆమె వైపు తిరిగింది. "ఎట్లా తెలిసిందక్కా?"

"పదకొండేళ్లు విన్నా కదమ్మా."

ధరణి మోటారుకు లోడు ఎక్కించి మళ్లీ ఆమె దగ్గరికి వచ్చింది. "కావాలంటే చేత్తో ఇచ్చే ఏర్పాటూ ఉండాది. కానీ లోడు ఎక్కించేసినాం, ఇంక ఆపనీరు. ఏడాదికోసారి సర్వీసుకే ఆపేది."

"మళ్లీ స్టార్టు చేసే రోజు నాకొక ఫోను చెయ్యి తల్లీ," అని నాగవేణి తన నంబరు చెప్పింది. ధరణి రాసుకుంది. బస్సు టైమయ్యేదాకా నాగవేణి ఆ మోటారు పక్కనే నిలబడింది.