రెండో బ్రేకు మీద కాలు పెట్టిన ఆవిడ మాస్టర్స్ చదువు

అందరూ ఆవిడను బ్రేకమ్మ అనేవారు. ఇరవై మూడేళ్లుగా డ్రైవింగ్ స్కూలు కారులో పక్క సీట్లో కూర్చుని, తన కాలి కింద ఉన్న రెండో బ్రేకు మీద పాదం ఆనించి జనానికి కారు నేర్పిన మనిషి. ఆవిడ అరుపులకు సగం మంది నేర్చుకున్నారు. మిగతా సగం మంది ఇంకో స్కూలు వెతుక్కున్నారు.

నలభై తొమ్మిదో ఏట ఆవిడకు చదువు మీద మనసు పుట్టిందనుకుంటే పొరపాటు. ఒళ్లు మండింది, అంతే. యజమాని తెర మీద రోడ్డు చూపించే సిమ్యులేటర్ ఒకటి కొని, దాని పెత్తనం కోటు తొడుక్కున్న ఎవరో ఒకాయనకు అప్పగించాడు.

"ఆయనకి లెర్నింగ్ సైన్సెస్ అండ్ టెక్నాలజీలో, అంటే ఎలా నేర్పాలో చెప్పే చదువులో, మాస్టర్స్ ఉందమ్మా," అన్నాడు యజమాని.

"అదేమన్నా ఆకాశం నుంచి ఊడిపడిందా? నేనూ తెచ్చుకుంటా."

మర్నాడే యూనివర్సిటీ ఆఫీసుకు వెళ్లింది. డిగ్రీ కావాలన్నారు, ఉంది. మూడేళ్ల బోధనానుభవం కావాలన్నారు.

"ఇరవై మూడేళ్లు. కార్లో," అంది.

గుమాస్తా కళ్లజోడు సర్దుకున్నాడు. "కారు తరగతి గది కాదు కదండీ."

"నాలుగు తలుపులున్నాయి, ముందు అద్దముంది, చెమటలు కక్కే విద్యార్థి ఉన్నాడు. ఇంకేం కావాలి మీకు, గంట కొట్టేవాడా?"

గుమాస్తా పై వాళ్లను అడిగొచ్చాడు. సీటిచ్చారు. దాంతోపాటు కావలసినవాటి జాబితా కూడా చేతిలో పెట్టారు: పన్నెండు పేపర్లు, నూట యాభై గంటల ఫీల్డ్‌వర్క్, చివర్లో ఒక ప్రాజెక్టు. నేర్పే పద్ధతి ఒకటి తయారుచేసి, ముగ్గురి మీద ప్రయోగించి, ఏమైందో రాయాలి.

పేపర్లు ఎలాగో ఈడ్చింది. ఒకేసారి బుర్ర ఎంత మోయగలదన్న సిద్ధాంతం మీద ఇరవై పేజీలు చదివి, "పది మాటలు కలిపి చెబితే ఒక్కటీ ఎక్కదని ఏడవచ్చుగా" అని పక్కన పెన్సిలుతో రాసుకుంది.

దెబ్బ తగిలింది ఫీల్డ్‌వర్క్‌లో. పాఠాలు ఫోన్లో రికార్డు చేసి, ఎవరెంతసేపు మాట్లాడారో లెక్కగట్టమంది గైడుగా ఉన్న ప్రొఫెసరమ్మ. నలభై నిమిషాల పాఠంలో ముప్పై నాలుగు నిమిషాలు బ్రేకమ్మ గొంతే. అందులో "నన్ను చంపేస్తావా" అన్న మాట పదకొండుసార్లు.

మంచం అంచున కూర్చుని రికార్డు మొత్తం మళ్లీ విన్నది.

"ఇన్నేళ్లూ నేర్పాననుకున్నానండీ. అరిచానంతే," అంది భర్తతో.

ఆయన కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసే మనిషి. పెళ్లయిన ఇరవై ఆరేళ్లుగా తెలిసిన సంగతికి ఆశ్చర్యం నటించడానికి పాపం చాలా కష్టపడ్డాడు.

ప్రాజెక్టు అక్కడే పుట్టింది. ప్రాణం మీదికి వస్తే తప్ప నేర్పేవాళ్లు నోరెత్తకూడదు. తప్పు జరిగాక బండి ఆపి, ఏం జరిగిందో నేర్చుకునేవాళ్లే చెప్పాలి. ఇద్దరు దొరికారు, మూడో మనిషి ఊరు మారిపోయింది. గడువు దగ్గర పడింది. ఆవిడ వెళ్లి భర్త మీద పడింది.

"నీ దగ్గరా? నాకింకా బతకాలనుంది," అన్నాడాయన.

బతిమాలి, ప్రయోగంలో చేరేవాళ్లు సంతకం చేయాల్సిన అంగీకార పత్రం ముందు పెట్టింది. ఆయన దాన్ని అద్దం పరీక్షించినట్టు పరీక్షించాడు.

"కారణం చెప్పకుండా ఎప్పుడైనా తప్పుకోవచ్చట! ఈ కాగితం పెళ్లినాడు ఎందుకివ్వలేదే?"

సంతకం పెట్టాడు. ఆ హక్కును మొదటి వారంలోనే మూడుసార్లు వాడుకున్నాడు. మూడుసార్లూ మళ్లీ వచ్చాడు.

నాలుగోవారం, గోదాము వెనక ఖాళీ స్థలంలో బండి వెనక్కి తీస్తూ, ప్లాస్టిక్ డబ్బాల గుట్టలోకి నింపాదిగా దూర్చేశాడు. డబ్బాలు దబదబా కారు మీద పడ్డాయి. బ్రేకమ్మ చేతిరుమాలు పళ్ల మధ్య బిగించి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

"అద్దంలో చూళ్లేదు నేను," అన్నాడాయన నెమ్మదిగా. "బండి ఎటు పోతుందో ఆలోచించకుండా స్టీరింగు తిప్పేశాను. ఉండు, మళ్లీ తీస్తా."

ఆ మాటనే ఆవిడ వేలమందికి అరిచి చెప్పింది. ఒక్కరూ తమంతట తాము అనగా వినలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. దవడ నొప్పి వల్ల అని నివేదికలో రాసింది.

మౌఖిక పరీక్షలో ఒకాయన అడిగాడు: "ముగ్గురితో ఏం నిరూపిస్తారమ్మా?"

"ఏమీ నిరూపించలేనండీ, నేను నోరు మూసుకోగలనని తప్ప. నన్నెరిగిన వాళ్లకి అదే పెద్ద పరిశోధన."

ప్రొఫెసరమ్మ నవ్వాపుకోలేక నీళ్లు తాగింది. బ్రేకమ్మ బొటాబొటీ మార్కులతో గట్టెక్కింది. భర్త లైసెన్సు పరీక్షలో ఒకసారి తప్పి, రెండోసారి నెగ్గాడు.

డిగ్రీ చూసి యజమాని సిమ్యులేటర్ గది తాళాలు ఇవ్వబోతే వద్దంది. తోటి శిక్షకులు నలుగురినీ ఆదివారం పొద్దున్న కూర్చోబెట్టి, వాళ్ల పాఠాలే వాళ్లకు వినిపించే పని అడిగి తీసుకుంది. మొదటివాడు తన గొంతు ఐదు నిమిషాలు విని, కుర్చీ తోసేసి బయటికి పోయాడు. రెండు టీలు తాగి తిరిగొచ్చి, "ఇంకా ఎంతుందండీ?" అని అడిగాడు. ముప్పై ఐదు నిమిషాలుందని చెప్పి, ఆవిడ మీట నొక్కింది.