అత్త అరుపుకు ఎన్ని ఆంపియర్లు

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది మనిషికి తెలియనిదంటూ ఏదీ ఉండదు. సింగానల్లూరులో పంపుసెట్ల మోటార్లు చేసే చిన్న వర్క్‌షాపులో, టెస్టింగ్ బల్ల దగ్గర కూర్చునే ఆ రోజుల్లో నా సంగతీ అంతే. సూలూరు పక్కన మా మేనత్త మొక్కజొన్న చేలో నెమళ్లు పడి పొత్తులు ఒలుచుకు తింటున్నాయనీ, వాటిని తోలుతూ అరిచి అరిచి ఆమె గొంతు బొంగురుపోతోందనీ తెలిసింది. "ఇక నువ్వు అరవొద్దత్తా, మిషనే అరుస్తుంది" అని మాటిచ్చేశాను.

హారన్ స్పీకరు, చిన్న ఆంప్లిఫయరు, టైమరు కలిపి ఒక డబ్బాలో బిగించాను. గొంతు బాగున్న ఒక ఆదివారం రికార్డింగుకు అత్తను ఫోను ముందు నిలబెట్టి, రెండు మాటలు చాలన్నాను. ఆమె నెమళ్లతో మొదలుపెట్టి, వాటి వంశం మీదుగా, పని వదిలేసి టీ కొట్లో కూర్చునే మామయ్య దాకా వెళ్లింది. నలభై సెకన్లు. "ఏదీ తీసేయొద్దు కణ్ణూ, అంతా ఉండనీ. నెమిలికి కోపం తెలియాల గదా" అంది. ఉంచాను. (ఆమెకు ఎదురుచెప్పే వయసు నాకిప్పటికీ రాలేదు.)

ఇక బ్యాటరీ. చేతిలో ఇమిడే లిథియం ప్యాకు, దాని చార్జరు కొన్నాను. చూడ్డానికి ముచ్చటగా ఉంది, అంతకుమించి నేనేమీ ఆలోచించలేదు. పొద్దున ఆరింటికి మొదలైన అత్త గొంతు తొమ్మిదికల్లా తిట్టు సగంలో ఆగిపోయింది. నెమళ్లు మధ్యాహ్నం దాకా తాపీగా భోంచేశాయి.

వర్క్‌షాపు పక్కన బ్యాటరీ కొట్టు అన్న దగ్గరికి వెళ్లాను. ఆయనా మనవాళ్లే; ఇంట్లో తెలుగు, కొట్లో తమిళం.

"మీ అత్త అరిచేటప్పుడు ఎన్ని ఆంపియర్లు లాగతారు?"

"కొలవలేదన్నా."

"ఒక్కో తూరి ఎంతసేపు అరుస్తారు?"

"నలభై సెకన్లు. ఒక నిమిషం ఆగి మళ్లీ నలభై."

"పగలంతా?"

"పగలంతా."

ఆయన కాలిక్యులేటర్ నొక్కి చూసి, "అత్తనన్నా తగ్గించమ్మా, బ్యాటరీనన్నా పెంచు. సెరి, పెద్ద సీసం బ్యాటరీ ఎత్తుకో. దానికి వేరే చార్జరు కావాల, పాతది వెయ్యొద్దు" అన్నాడు.

రెండూ పన్నెండు వోల్టులే కదా, వేరే చార్జరెందుకనుకున్నాను (డిప్లొమా ఉంది మరి). బ్యాటరీ మాత్రం తెచ్చి పాత చార్జరే తగిలించాను. మర్నాడు మధ్యాహ్నానికే గొంతు ఆగింది. "నాకు దమ్ము తగ్గినట్టు ఊర్లో అనుకుంటా ఉండారు కణ్ణూ" అని అత్త నిజంగానే చిన్నబుచ్చుకుంది. అది మాత్రం నాకు గుచ్చుకుంది. మీటరు పెట్టి చూస్తే, పాత చార్జరు పన్నెండున్నర వోల్టులు దాటగానే ఆగిపోతోంది. ఈ బ్యాటరీ నిండాలంటే పద్నాలుగు దాటాలి. తలవంచుకుని కొట్టుకు వెళ్లాను. అన్న అప్పటికే పక్కన తీసిపెట్టి ఉంచిన చార్జరు నా చేతికిచ్చాడు.

ఆ తర్వాత అత్త గొంతు పొద్దుగుంకేదాకా ఒక్క తిట్టూ తగ్గకుండా మోగింది. మొదటి రోజు నెమళ్లు పారిపోయాయి. రెండో రోజు దూరంగా నిలబడి విన్నాయి. నాలుగో రోజు ఒకటి వచ్చి స్పీకరు మీదే కూర్చుంది. అలవాటు పడనిది మామయ్య ఒక్కడే. ఆ గొంతు టీ కొట్టు దాకా వినిపించినప్పుడల్లా గ్లాసు అక్కడే పెట్టి చేలోకి పరుగెత్తుకొచ్చేవాడు. "అది మిషను మామయ్యా" అంటే, "తెలుసు కణ్ణూ. తెలిసినా కాళ్లు నిలవల్యా" అనేవాడు. వచ్చినవాడు ఊరికే నిలబడలేక నెమళ్లను తోలేవాడు. అలా ఆ ఏడు పంట దక్కింది. మిషను బాగా పనిచేస్తా ఉండాదని అత్త ఊరంతా చెప్పింది. నేనూ కాదనలేదు.

ఇప్పుడు ఏ బ్యాటరీ కొన్నా ముందు మీటరు తీస్తాను, చార్జరు వెనక అచ్చువేసింది రెండుసార్లు చదువుతాను. తప్పులు తగ్గాయి, అప్పట్లో టెస్టింగ్ బల్ల దగ్గర కూర్చున్న ఆ అమ్మాయికున్న ధైర్యమూ తగ్గింది. ఆమె ఎక్కడైనా ఎదురైతే కళ్లద్దాలు సర్దుకుని నాలుగు మంచి మాటలు చెప్పాలని ఉంటుంది గానీ, వింటుందన్న నమ్మకం లేదు.