కార్డు నిండా ఎక్కించన్నా

మా చిన్నప్పుడు... తిరుపతిలో మా ఇంట్లో అరచేతంత గేమ్ మిషన్ ఒకటుండేది. మామ చెన్నై నుంచి తెచ్చిన పాతది. మడత దగ్గర విరిగితే అమ్మ గుడ్డపీలికతో పుత్తూరు కట్టు కట్టింది. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది నాకు.

అందరూ అందులో గేములు ఆడేవాళ్ళు. పాలిటెక్నిక్ చదివే మా అక్క మాత్రం గేమ్ రాసింది. కాలేజీ ల్యాబులో రాసి, మెమరీ కార్డులో వేసుకొచ్చి, మిషన్లో పెట్టి చూసుకునేది. అలిపిరి మెట్లెక్కే ముసలమ్మ ఆట అది. దారిలో కోతులు కొబ్బరిచిప్ప లాక్కుంటాయి... మోకాళ్ళ పర్వతం దగ్గర ముసలమ్మ నిజంగానే మోకాళ్ళ మీద ఎక్కేది.

ఆరు నెలల కష్టం. సెలవుల్లో ల్యాబు కంప్యూటర్లలో ఉన్నవన్నీ తుడిచేస్తే, మిగిలింది ఆ కార్డులో ఉన్నదొక్కటే. సోమవారం మాస్టారికి చూపించాలి. బాగుంటే బెంగళూరులో తెలిసిన కంపెనీకి పంపుతానన్నాడాయన.

శనివారం నేను ఎవరికీ చెప్పకుండా ఆ కార్డు పట్టుకుని సెల్ షాపుకు పోయాను. అక్కడ పాటలైనా గేములైనా కార్డు లెక్కన ఎక్కించేవాళ్ళు. ఒకటి ఎక్కించినా, నిండా ఎక్కించినా అదే రేటు.

సాయంత్రం అక్క మిషన్ ఆన్ చేసింది. కార్ల రేసులు, కుంగ్‌ఫూ కొట్లాటలు వరసగా ఉన్నాయి... ముసలమ్మ లేదు.

నాయన నన్ను వెంటేసుకుని షాపు మీదికి పోయాడు.

"ఏమప్పా, ఆడబిడ్డ ఆరు నెల్ల కష్టం తుడిచేస్తివే. ఒక్క మాట అడగల్లేదా?"

షాపాయన నా వంక ఒకసారి చూశాడు. "తప్పయిపోయింది సార్" అని తల దించుకున్నాడు.

అక్క ఏడవలేదు. మళ్ళీ రాస్తుందనుకున్నాం... రాయలేదు. ఇప్పుడు పలమనేరులో జిరాక్స్ షాపు నడుపుతోంది.

ఇన్నేళ్ళూ ఆ మాట వచ్చినప్పుడల్లా ఇంటిల్లిపాదీ షాపాయన్నే తిట్టాం. అందరికంటే గట్టిగా తిట్టింది నేనే. ఆ నాలుక మీద వాత పెట్టుకోవాలనిపిస్తుంది.

ఎందుకంటే ఆయన అడిగాడు.

"పాపా, దీంట్లో ఏందో ఉండాది. ఉంచల్లా, తీసేయల్లా?"

అక్క రాసిన ఆట కార్డులో కాదు, మిషన్లోనే ఉంటుందిలే అనుకున్నాను. "అన్నీ తీసేయన్నా, కార్డు నిండా ఎక్కించు" అన్నాను. ఆ మాట షాపాయన మా నాయనకు చెప్పుంటే నా వీపు విమానం మోత మోగేది. చెప్పలేదు. నేనూ నోరు విప్పలేదు.

నిన్న మా వాడు ఫోన్లో అవే రేసు కార్లు ఆడుతుంటే ఫోను లాక్కుని పక్కన పెట్టేశాను, పాపం వాడిదేం తప్పు... ఆనాడు నేను ఎగబడి ఎక్కించుకున్న గేములన్నీ ఇప్పుడు అడక్కుండానే దొరుకుతున్నాయి. ఎంత వెతికినా దొరకనిది మా అక్క ముసలమ్మ ఒక్కతే.

ఆ షాపు ఇప్పుడు లేదు. ఆయన ఎక్కడున్నాడో తెలియదు. అక్కా, ఈ పోస్టు నువ్వు చదువుతావు, తెలుసు... తిట్టాల్సింది నన్ను.

మీరూ ఎవరి నెత్తినో వేసేసిన తప్పులుంటే కింద రాయండి. కానీ కాస్త ఆగి రాయండి... మొదటి కామెంటు మా అక్కది.