మెడ దాకా కొలత

మా తమ్ముడు టైలరు. మనిషి ఎదురైతే ముఖం కన్నా ముందు భుజాలు చూస్తాడు. దారిలో ఎవరైనా పలకరిస్తే పేరు గుర్తురాక తడుముకుంటాడు గానీ, వాళ్ల ఎడమ భుజం కాస్త జారి ఉంటుందని ఇంటికొచ్చి మరీ చెబుతాడు. చొక్కా బిగుతైందని ఎవరైనా తిరిగి తెస్తే, "నా కొలత తప్పదండీ, మనిషే మారి ఉంటాడు" అంటాడు. అదేం చిత్రమో, వచ్చినవాళ్లు పొట్ట తడుముకుని, సిగ్గుపడి, ఇంకో జత కుట్టడానికిచ్చి వెళతారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. అయినా మంచివాడు. ఈ మాట ముందే చెబుతున్నాను, జరిగింది విని వాణ్ణి తిట్టుకోకండి. తిట్టాల్సినవన్నీ నేను తిట్టేశాను.

కింద కొట్టు, దాని వెనక మేముండే గదులు, పైన ఒక చిన్న గది. ఆ పై గది మనుషుల కోసం కట్టింది కాదు, బట్టల తానులు దాచుకోవడానికి కట్టింది. తమ్ముడు చెయ్యెత్తితే అరచెయ్యి కప్పుకు ఆనుతుంది. కొట్టులో కాజాలు కుట్టేదీ గుండీలు పెట్టేదీ వాడి అక్కను, నేను. నా మరదలు లాండ్రీలో ఇస్త్రీ పనికి పొద్దున్నే వెళ్లి పొద్దుగూకాక వస్తుంది. వాళ్లకొక్కతే కూతురు, రెండో తరగతి. గుండ్రటి ముఖం కాబట్టి అందరికీ అది బొత్తం.

తనకో గది కావాలని బొత్తం ఎన్నాళ్లుగానో పోరు పెట్టింది. చివరికి తమ్ముడు తానులన్నీ కిందికి దించి పై గది దానికిచ్చేశాడు. గది ఇరుకు. మంచం వేస్తే చదువుకునే బల్లకు చోటుండదు, బల్ల వేస్తే మంచానికి ఉండదు. పైన పడక, కింద బల్ల, ఎక్కడానికి నిచ్చెన ఉండే మంచాలు వచ్చాయని ఎవరో చెప్పారు. నలుగురం ఫర్నిచర్ దుకాణానికి వెళ్లాం.

అక్కడ అలాంటివి రెండున్నాయి. ఒకటి పొట్టిది. దాని కింద సొరుగులు తప్ప మనిషి కూర్చునే వీలు లేదు. రెండోది పొడుగు, కింద బల్ల, బల్లకో చిన్న దీపం. బొత్తం వెళ్లి ఆ పొడుగుదాని నిచ్చెన పట్టుకుని నిలబడింది.

"పొట్టిది చాలు" అంది నా మరదలు. "ఆ గదిలో నాకే తల తగులుతుందేమో అనిపిస్తుంది. పైన ఫ్యాను కూడా ఉంది. ఎందుకొచ్చిన గొడవ?"

"పాప పరుపు మీద కూర్చుంటే ఎంత ఎత్తు వస్తుందో చూసుకోండి సార్" అన్నాడు దుకాణం కుర్రాడు.

"అంతేకదా" అని మా తమ్ముడు మెడలోంచి టేపు తీశాడు. ఆ టేపు లేకుండా వాడు పెళ్లిపందిట్లో కూడా కూర్చోలేదు. బొత్తాన్ని స్టూలు మీద నిటారుగా కూర్చోబెట్టి, మెడ వెనక ఎముక దగ్గర టేపు ఆనించి, వీపు మీదుగా స్టూలు దాకా లాగాడు. కళ్లు మూసుకుని లెక్క వేసుకుని, "కప్పు దాకా ఇంకా బెత్తెడు మిగులుతుంది" అన్నాడు.

ఆ లెక్కలో తల లేదు. చొక్కాకైనా గౌనుకైనా మెడ దగ్గరే కొలత మొదలుపెట్టిన చెయ్యి అది. తలకు బట్ట కుట్టేదెవరు? పక్కనే ఉన్న నేనూ అదే టేపు, అదే మెడ రోజూ చూసేదాన్ని. నాకూ తట్టలేదు. పొడుగు మంచమే కొన్నాం.

దాన్ని బిగించిన సాయంత్రం మోకాళ్ల నొప్పితో నేను మెట్ల మధ్యలోనే ఆగిపోయాను. పైన బొత్తం పడుకుని ఉంది. ఫ్యాను తిరుగుతోంది. రెక్క అంచుకూ మంచం కమ్మీకీ నడుమ తమ్ముడు చెయ్యి పెట్టి చూపించి, "చూశావా, మంచం దాకా రాదు" అన్నాడు. మంచం దాకా రాదు, నిజమే. నిచ్చెన ఎక్కేవాళ్ల తల దాకా వస్తుందా అని ఎవరూ అడగలేదు.

"ఏదీ, లేచి కూర్చోమ్మా" అన్నాడు.

నేనున్న చోటి నుంచి గుమ్మం అడ్డొచ్చి, మడిచిన మోకాళ్లు, వాటి మీద చేతులు మాత్రమే కనిపించాయి. కాసేపు చప్పుడు లేదు.

"బాగుందా?"

"సరిగ్గా సరిపోయింది నాన్నా."

ఆ ఆలస్యం నాకు నచ్చలేదు. అడుగుదామనుకున్నాను గానీ తమ్ముడి ముఖం చూసి ఊరుకున్నాను, అంత మురిసిపోతున్నాడు.

ఆ తర్వాత పిల్ల మారింది. నేల చూసుకుంటూ నడిచేది. "ఏమే, చిల్లర పారేసుకున్నావా?" అని ఏడిపిస్తే నవ్వేది గానీ తల ఎత్తేది కాదు. ఎంత ఎత్తు గుమ్మమైనా వంగి దాటేది. అంతకుముందు జడ వేయమని నా ప్రాణం తీసేది, ఇప్పుడు తానే దువ్వుకుని, నడినెత్తిన రిబ్బను తానే కట్టుకుని బడికి పోతోంది. పెద్దదవుతోందని నా మరదలు సంబరపడింది.

ఇంకొకటి. కొట్టులో కూర్చుంటే పై గది ఫ్యాను తిరగడం సన్నగా వినిపిస్తుంది. ఒక సాయంత్రం మధ్యలో 'టక్' మంది. ఒక్కసారే. మర్నాడు మళ్లీ.

"అదేంట్రా?" అన్నాను.

"పాత ఫ్యాను కదక్కా. బేరింగు పోయుంటుంది. నూనె వేయిస్తాలే."

వేయించాడు కూడా. అయినా ఆ చప్పుడు పోలేదు. కాజా కుడుతూ చెవి అటే వేసి ఉంచేదాన్ని. బొత్తం బడి నుంచి రావడం, మెట్లెక్కడం, ఫ్యాను వేయడం, నిచ్చెన కిర్రుమనడం, ఆ వెంటనే టక్. పిల్ల ఆపడం మర్చిపోయి బడికి పోయినప్పుడు ఎంతసేపు తిరిగినా ఆ ఫ్యాను నోరెత్తదు. అది గ్రహించిన రోజు నా వేలికి సూది దిగింది.

మర్నాడు సెలవు. వద్దు వద్దంటున్నా బొత్తాన్ని లాగి ముందు కూర్చోబెట్టుకున్నాను. రిబ్బను విప్పితే పోగులు పోగులుగా చేతిలోకొచ్చింది. దాని కింద నడినెత్తిన వెంట్రుకలు తెగి, మొలకల్లా నిలబడి ఉన్నాయి. ఆ వెనకే బొప్పి. తడిమితే అబ్బా అంది.

"బడిలో ఎవరైనా కొట్టారా?"

కాదన్నట్టు తల ఊపింది. నెత్తి చేత్తో కప్పుకుని, "పైన మర్చిపోయి లేస్తే తగులుతుందత్తా. గుర్తుంటే ఏం కాదు" అంది.

"ఏం తగులుతుందే?"

"కప్పు. నిచ్చెన దగ్గరైతే ఫ్యాను. అదీ రిబ్బనుకే. నాకు తగల్లేదు."

"మీ నాన్నకు చెప్పలేదేం?"

"నాన్న కొలత తప్పదు కదత్తా" అంది. "నేనే మారి ఉంటాను."

నేను పెట్టిన కేకకు తమ్ముడు కొట్టులోంచి పరిగెత్తుకొచ్చాడు. మెడలో టేపు ఉండనే ఉంది. పిల్లను స్టూలు మీద కూర్చోబెట్టి, "ఏదీ, కొలువు" అన్నాను. వాడి చెయ్యి నేరుగా మెడ ఎముక దగ్గరికే వెళ్లింది. అక్కడే ఆ చెయ్యి పట్టుకున్నాను.

"తల ఎవరు మోస్తార్రా? పక్కింటివాళ్లా?"

వాడు నా వంక చూశాడు. తర్వాత పిల్ల నెత్తి చూశాడు. పైకెళ్లి ఫ్యాను ఆపేసి వచ్చి, పిల్ల ముందు నేల మీద చతికిలబడ్డాడు. "నువ్వు మారలేదమ్మా. తప్పు నాది. నేనే తప్పు కొలిచాను" అన్నాడు.

పిల్లకు ఊరట కలుగుతుందనుకున్నాను. అది హడలిపోయింది.

"మంచం తీసేయకు నాన్నా. ఇంకొంచెం వంగుతాను."

నా తమ్ముడు ఏడవడం పెద్దయ్యాక నేను చూడలేదు. ఆ రోజు చూశాను. సాయంత్రం నా మరదలు వచ్చి, విషయం విని, కూతురి నెత్తి నిమిరి, కొబ్బరినూనె రాసింది. మొగుణ్ణి ఒక్క మాటా అనలేదు. అని ఉంటే వాడికి తేలికగా ఉండేది.

మంచం కాళ్లు కోయించి మామూలు మంచం చేశారు. ఫ్యాను తీసేసి గోడకు బిగించేది తెచ్చారు. బల్ల కిందికి, నా గదిలోకి వచ్చింది. బొప్పి తగ్గింది, జుట్టు పెరిగింది. తమ్ముడు మాత్రం రోజూ పొద్దున్నే పైకెళ్లి, పిల్ల నిద్రలేచేదాకా గుమ్మం దగ్గర నిలబడుతున్నాడు. ఎందుకో చూద్దామని నిన్న మోకాళ్లు పట్టుకుని నేనూ ఎక్కాను.

బొత్తం కళ్లు తెరిచింది.

"పైన ఏమీ లేదమ్మా. లే" అన్నాడు వాడు.

"ఊఁ" అంది. కప్పు వంక ఒకసారి చూసింది. ఆ తర్వాత గడ్డం గుండెకు ఆనించుకుని, తల వంచుకునే లేచింది.